వృత్తి సైగలు, దేశ సరిహద్దులు: తువ్వాల కింది బేరంపై ఒక పరిశీలన

తెలుగులో సైగల మీద వచ్చిన వ్యాసాలు ఎక్కువగా ఒకే దారిన నడుస్తాయి. భరతుడితో మొదలై నందికేశ్వరుడి దగ్గర ఆగుతాయి. పతాకం, త్రిపతాకం, అర్ధపతాకం అంటూ అభినయదర్పణం చెప్పిన 28 అసంయుత హస్తాలూ వరసగా వస్తాయి, చివర కూచిపూడి ప్రస్తావన వస్తుంది. చేయి మాట్లాడేది రంగస్థలం మీదనే అన్నట్టు ఉంటుంది ఈ ధోరణి. 1917లో ఆనంద కుమారస్వామితో కలిసి అభినయదర్పణాన్ని ఇంగ్లిషులోకి తెచ్చినవాడు మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. నాలుగేళ్లు తిరక్కుండానే ఆయన చీరాల-పేరాల జనాన్ని ఇళ్లు వదిలించి రామనగర్‌లో నిలబెట్టాడు. శాస్త్రంలోని చేతినీ, వీధిలోని చేతినీ ఎరిగిన మనిషి. ఆయన తర్వాత వచ్చినవాళ్లం మొదటిదాన్నే పట్టుకున్నాం, రెండోదాన్ని వదిలేశాం.

వృత్తుల వైపు చూసినవాళ్లు లేరని కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి పూనికతో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం నాగలి, గుంటక, కాడి, మోకులకు ఊరూరా ఉన్న పేర్లన్నీ ఏరి పెట్టింది. తర్వాత చేనేత సంపుటం వచ్చింది. అది గొప్ప పని. అయితే అది పదకోశం. నోటినుంచి వచ్చిందే అందులో చేరింది. కాడి ఎద్దులు కొనేవాడు కాడికి ఏ పేరు వాడతాడో మనకు తెలిసింది గానీ, ఆ ఎద్దుల వెల అతను ఏ వేలితో చెప్తాడో ఎవరూ రాసి పెట్టలేదు. ఆ వేలి గురించే ఈ వ్యాసం.

కడప జిల్లా సింహాద్రిపురం, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల్లో పశువుల బేరం తెలిసినవారికి తువ్వాల కింద వేళ్లు పట్టడం కొత్త కాదు. తెలియనిదల్లా ఆ పద్ధతి సిద్ధాంతానికి ఏం చెబుతుందన్నది. నా వాదన ఇది: మాటల్లేని సంభాషణలో తేడాలు దేశాన్ని బట్టి, జాతిని బట్టి వస్తాయని పుస్తకాలు చెబుతున్నాయి. అవి మొదట వచ్చేది పనిని బట్టి, ఆ పని జరిగే చోటును బట్టి. దేశం తర్వాతి సంగతి.

ఈ వాదనకు ఎదురు నిలబడేవాడు అమెరికా మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్. మిగిలినవారి గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. 1872లో డార్విన్ ముఖకవళికల మీద రాసిన పుస్తకం, 1934లో దేహపద్ధతుల మీద మార్సెల్ మోస్ చేసిన ప్రసంగం, 1969లో ఎక్మన్, ఫ్రీసెన్ చేసిన వర్గీకరణ మన పాఠ్యప్రణాళికల్లో ఉన్నవే. కానీ సంస్కృతుల మధ్య సైగల తేడా అనగానే మేనేజ్‌మెంటు పాఠాల నుంచి విదేశాలకు పోయేవాళ్లకిచ్చే శిక్షణ దాకా అందరి నోటా వచ్చేది హాల్ మాటే. 1959లో ‘ది సైలెంట్ లాంగ్వేజ్’, 1966లో ‘ది హిడెన్ డైమెన్షన్’, 1976లో ‘బియాండ్ కల్చర్’. మనిషికీ మనిషికీ మధ్య ఉండే దూరాన్ని ఆయన కొలిచి పెట్టాడు. అడుగున్నర లోపు ఆత్మీయుల దూరం. అక్కడి నుంచి నాలుగు అడుగుల దాకా వ్యక్తిగత దూరం. పన్నెండు అడుగుల దాకా సామాజిక దూరం. ఆపైన సభాదూరం. ఈ కొలతలు అమెరికా ఈశాన్య తీరపు మధ్యతరగతి పెద్దల్ని చూసి తీసినవని ఆయనే రాశాడు. రాసి కూడా దాన్ని గజంబద్దగా చేసి జర్మన్లను, ఇంగ్లిషువాళ్లను, ఫ్రెంచివాళ్లను, జపానువాళ్లను, అరబ్బులను కొలిచాడు. ఒక్కో దేశానికి, ఒక్కో జాతికి ఒక్కో అలవాటు. ఆ పుస్తకంలో మన దేశానికి అధ్యాయమే లేదు. ఉండి ఉంటే ‘భారతీయులు’ అని ఒక్క ముద్ద చేసేవాడని మిగిలిన అధ్యాయాలు చదివితే తెలుస్తుంది.

హాల్‌కు ఆ చూపు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. 1950లలో ఆయన అమెరికా విదేశాంగ శాఖవారి శిక్షణ సంస్థలో పనిచేశాడు. రాయబార కార్యాలయాలకు పోయే ఉద్యోగులకు, సాంకేతిక సహాయానికి పోయే నిపుణులకు పాఠాలు చెప్పాడు. విమానం దిగి ఇంకో దేశంలో కాలు పెట్టేవాడికి కావలసింది ఆ దేశపు మనిషి ఎట్లా నిలబడతాడు, ఎంతసేపు కాచుకోబెడతాడు అన్నదే. కాబట్టి దేశమే ఆయనకు కొలమానమైంది. ఆ అవసరం ఉద్యోగులది. దాన్ని మనం మానవశాస్త్రం అనుకొని అరవై ఏళ్లుగా విద్యార్థులకు చెబుతున్నాం.

ఇప్పుడు సంతలోకి పోదాం. ఎద్దుల జత ముందు కొనేవాడు నిలబడతాడు. నోరు తెరిపించి పండ్లు చూస్తాడు. సుడులు చూస్తాడు. మూపు తడిమి, తోక పట్టి, నాలుగు అడుగులు నడిపించి గిట్టలు చూస్తాడు. ఇంతవరకు అందరికీ కనిపించే పనే. అప్పుడు దళారి భుజమ్మీది తువ్వాల తీసి తన కుడిచేతి మీద పరుస్తాడు. అమ్మేవాడి కుడిచేయి ఆ గుడ్డ కిందికి పోతుంది. ఇద్దరూ మూరెడు దూరంలో, ఒక్కోసారి జానెడు దూరంలో, భుజాలు తగిలేట్టు నిలబడతారు. గుడ్డ కింద ఒకరి వేళ్లు ఒకరు పడతారు. మూడు వేళ్లు పడితే మూడు. చేయంతా పడితే ఐదు. ఐదు పట్టి, వదిలి, మళ్లీ రెండు పడితే ఏడు. వేలు సగానికి, నడిమి గణుపు దగ్గర నొక్కితే సగం. ముందు వేల లెక్క, తర్వాత నూర్ల లెక్క. జత లక్ష పైన పలికేదైతే ఆ లక్ష ఇద్దరికీ తెలిసిందే కనుక దాన్ని చేతికి ఎక్కించరు. పైమొత్తమే వేళ్ల మీదికి వస్తుంది. ఒప్పుకోనివాడు ఎదుటివాడి వేళ్లను మడిచేస్తాడు, లేదా తన వేళ్లతో తన లెక్క తిరిగి చెప్తాడు. ఇంతకు మించి పైసా రాదని చెప్పడానికి గట్టిగా నొక్కి పట్టి ఉంచుతాడు. తర్వాత దళారి అదే తువ్వాలతో కొనేవాడి దగ్గరికి పోతాడు. ఇద్దరి లెక్కా కలిసినాక బయానా చేతిలో పడుతుంది.

ఇందులో నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది వేళ్లు కాదు, నోరు. గుడ్డ కింద బేరం నడుస్తున్నంతసేపు నోరు ఊరుకోదు. “అంత చెప్తే ఎట్లబ్బా, ఎవురు కొంటారు?” అని దళారి గట్టిగానే అంటాడు. “లేదన్నా, ఇంట్లో ఒప్పుకోరు, తోలకపోతా” అని అమ్మేవాడు పలుపు పట్టి లాగుతాడు. వాన సంగతి వస్తుంది, పోయినేడు చచ్చిన బర్రె సంగతి వస్తుంది. చుట్టూ మూగినవాళ్లు ఆ మాటలు విని వెల ఇంతుంటుందని లోపల లెక్కలు వేసుకుంటారు. అదే సమయంలో గుడ్డ కింద వేళ్లు ఒప్పందానికి దగ్గరైపోయి ఉంటాయి. మాట ఒక దారిన, చేయి ఇంకో దారిన పోతుంటే మొహం దేనివైపూ పోకూడదు. కనుబొమ్మ లేవకూడదు. నవ్వు రాకూడదు. కొత్తగా ఈ పనిలోకి దిగిన పిల్లవాడు వేళ్ల లెక్క త్వరగానే నేర్చుకుంటాడు. మొహాన్ని అదుపులో పెట్టుకోవడానికే ఏళ్లు పడుతుంది. సైగ మాటకు తోడుగా, మాటను బలపరచడానికి వస్తుందని మన పాఠ్యపుస్తకాలు మొదటి అధ్యాయంలోనే రాస్తాయి. ఇక్కడ మాట సైగకు తెరగా నిలబడింది. అసలు సంభాషణ చేతిది. నోరు చేసేది కాపలా.

హాల్ గజంబద్ద ఇక్కడ పెట్టి చూడండి. ఆయన లెక్కలో అడుగున్నర లోపు నిలబడి ఒకరి చేతిని ఒకరు పట్టుకున్నవాళ్లు ఆత్మీయులు. సంతలో అట్లా నిలబడినవాళ్లు చాలాసార్లు ఒకరి పేరు ఒకరికి తెలియనివాళ్లు, ఒకరి లాభం ఇంకొకరి నష్టంగా ఎదురు నిలిచినవాళ్లు. ‘తాకే సంస్కృతి’ వేరని హాల్ శిష్యులు జవాబు చెప్పవచ్చు. అది చెల్లదు. ఆ ఇద్దరూ ఒకే ఊరివాళ్లైతే, సాయంత్రానికి ఊరు చేరి రచ్చబండ మీద కూచున్నప్పుడు ఎవరి పక్కన ఎవరు, ఎంత ఎడంగా, అరుగు మీదా కిందా అన్నది వయసును బట్టి, కులాన్ని బట్టి, చుట్టరికాన్ని బట్టి మారిపోతుంది. పొద్దున చేయి పట్టినవాడే సాయంత్రం దూరంగా నిలబడి చేతులు కట్టుకుంటాడు. దేశం మారలేదు, జిల్లా మారలేదు, మనుషులే మారలేదు. మారింది పని.

కులం మాట వచ్చింది కనుక ఒకటి గట్టిగా చెప్పాలి. తాకడానికి అంతు లేనన్ని నిషేధాలున్న ఊళ్లు ఇవి. నీళ్లు పోసే చెంబు తగలకూడదు, నడిచేవాడి నీడ పడకూడదు అన్న కాలం మన తాతల కాలమే. అట్లాంటి చోట కూడా తువ్వాల కింద చేయి చేతిని పట్టకుండా బేరం తెగదు. కొనేవాడిదీ అమ్మేవాడిదీ దళారిదీ ఒకే కులం కానవసరం లేదు. గుడ్డ పరిచినంతసేపు ఆ నిషేధం పక్కకు పోతుంది. సంస్కర్తలు రాకముందే తాకుడును సడలించిన చోటు సంత అని నా అభిప్రాయం. ఊరి చరిత్ర రాసేవాళ్లు గుడినీ బావినీ చూశారు. సంతను చూడవలసినంత చూడలేదు.

ఈ పద్ధతి ఎంత పాతది? దీనికి మన దగ్గర గట్టి సాక్షి ఉన్నాడు. ఫ్రెంచి రత్నవర్తకుడు ఝాన్ బాతీస్త్ తవెర్నియే. గోల్కొండ, బీజాపూరు రాజ్యాల వజ్రాల గనులు తిరిగినవాడు. 1676లో అచ్చయిన ఆయన యాత్రాగ్రంథంలో రావల్కొండ గని దగ్గర వ్యాపారం ఎట్లా జరిగేదో ఉంది. కొనేవాడు, అమ్మేవాడు ఎదురెదురుగా కూచుంటారు. ఒకరు నడుముకు కట్టిన గుడ్డ విప్పుతారు. అమ్మేవాడు కొనేవాడి కుడిచేయి పట్టుకొని దానిమీద ఆ గుడ్డ కప్పుతాడు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఎవరికీ ఏమీ తెలియదు. చేయంతా పడితే వెయ్యి. ఎన్నిసార్లు నొక్కితే అన్ని వేలు. ఐదు వేళ్లు పడితే ఐదు నూర్లు. ఒక్క వేలు పడితే నూరు. వేలును నడిమి గణుపు దాకా పడితే యాభై. కొస మాత్రం పడితే పది. ఒకే సరుకు ఒకే చోట పలుమార్లు చేతులు మారినా వెల ఎంతో పక్కవాడికి తెలియదని తవెర్నియే ఆశ్చర్యపోయాడు. నోటితోనూ కంటితోనూ ఏమీ చెప్పరు, చేతితోనే చెప్తారని రాశాడు.

ఆ వర్ణనను సంతలో జరిగేదానికి పక్కన పెట్టి చూడండి. గుడ్డ అదే, కుడిచేయి అదే. వేలు మొత్తం ఒక లెక్క, గణుపు దాకా దానిలో సగం అన్న సూత్రం అదే. మూడున్నర నూర్ల ఏళ్ల తర్వాత, వజ్రం పోయి ఎద్దు వచ్చినా, వేలి సగం ఇంకా సగమే. రాజ్యాలు పోయాయి. గోల్కొండ, మొగలులు, మైసూరు, కుంఫిణీ, అన్నీ ఈ నేల మీదుగా నడిచిపోయాయి. ఒక్కో ఏలుబడి ఒక్కో నాణెం తెచ్చింది. వరహా పోయి రూపాయి వచ్చింది. ఈ చేతి లెక్క మాత్రం తెగలేదు. తెగకుండా ఉండడానికి కారణం ఏ ప్రభుత్వమో, ఏ మతమో, ఏ భాషో కాదు, పదిమందిలో నిలబడి రహస్యంగా వెల తేల్చవలసిన పని.

తవెర్నియే ఇంకో సంగతి కూడా రాశాడు. గని దగ్గరి వర్తకుల పిల్లలు, పదేళ్ల నుంచి పదహారేళ్ల లోపు వాళ్లు, పొద్దున్నే ఊరి మధ్య చెట్టు కింద చేరతారు. ఒక్కొక్కడి దగ్గర తూకపు రాళ్ల సంచి, డబ్బు సంచి ఉంటాయి. ఎవరైనా వజ్రం తెస్తే వాళ్లలో పెద్దవాడి చేతికిస్తారు, అది చేయి చేయి మారుతుంది, ఎవరూ నోరెత్తరు. సైగలు తల్లి ఒడిలో, సంస్కృతి నుంచి నేర్చుకునేవని హాల్ అంటాడు. ఇక్కడ కనిపించేది బడి. చెట్టు కింద పెట్టిన వ్యాపారపు బడి. సంతకు తండ్రి వెంట పోయే పిల్లవాడు నేర్చుకునేది కూడా అట్లానే.

ఇదే తవెర్నియే 1652 సెప్టెంబరులో జమ్మలమడుగు పక్కనున్న గండికోటకు వచ్చాడు. అప్పటికి కోట పెమ్మసాని నాయకుల నుంచి గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా చేతికి వచ్చి ఉంది. తవెర్నియే తెచ్చిన ముత్యాలు, రత్నాలు మీర్ జుమ్లాకు చూపించాలి. గుడారంలో చూసిన దృశ్యాన్ని ఆయన విడవకుండా రాసి పెట్టాడు. మీర్ జుమ్లా దేశాచారం ప్రకారం వట్టికాళ్లతో కూచున్నాడు. కాలివేళ్ల సందుల్లో కాగితాలు, ఎడమచేతి వేళ్ల సందుల్లో కాగితాలు. ఒకసారి కాలి నుంచి, ఒకసారి చేతి నుంచి ఒక్కో కాగితం లాగి దానికి జవాబు చెప్పి రాయిస్తున్నాడు. దేశాచారమన్న ముక్క దగ్గర ఆగాలి. కూచునే తీరు దేశాచారమే కావచ్చు. కాగితాలను వేళ్ల సందుల్లో పెట్టుకోవడం ఏ దేశపు ఆచారం? అది కచేరీ పని. ఏ ఉత్తరానికి ముందు జవాబివ్వాలో, ఏది తర్వాతో చేతికీ కాలికీ పంచుకున్న దివాను పని. బయటివాడు ఒకే చూపులో ఈ రెంటినీ చూసి రెండూ దేశానివే అనుకుంటాడు. తవెర్నియే గని దగ్గర వర్తకుడి కన్నుతో చూశాడు, కాబట్టి పని కనిపించింది. కోటలో అతిథి కన్నుతో చూశాడు, కాబట్టి దేశం కనిపించింది. హాల్‌ది ఎప్పుడూ అతిథి కన్నే.

తువ్వాల ఒక్క మన దగ్గరే ఉంటే ఈ వాదన ఇంత దూరం రాదు. పారశీక సింధుశాఖలో ముత్యాల వ్యాపారం వెలిగిన కాలంలో బహ్రెయిన్, కువైట్ వర్తకులు గుడ్డ కింద వేళ్లు పట్టి వెల తేల్చేవారు. ఆ ముత్యాలు బొంబాయికి చేరేవి. సోమాలీల ఒంటెల సంతల్లో ఇవాళ్టికీ భుజమ్మీది గుడ్డ చేతుల మీదికి వస్తుంది. చైనా పశువుల సంతల్లో పొడుగు చొక్కా చేతుల్లోపల వేళ్లు కలిపేవారు. అక్కడ తువ్వాల పని చొక్కాచేయి చేసింది. తెలుగు, అరబ్బీ, సోమాలీ, చైనా భాషల మధ్య చుట్టరికం లేదు. మతం ఒకటి కాదు, తిండి ఒకటి కాదు, ముద్దను చేతితో తినేవాళ్లూ పుల్లలతో తినేవాళ్లూ ఉన్నారు. చేయి మాత్రం ఒకటే చెబుతోంది. ఆరు, ఎనిమిది వంటి అంకెలను పట్టే తీరు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. నిజమే గానీ, గుడ్డ వేసి చేయి పట్టాలన్న ఏర్పాటు ముందు అది చిన్న తేడా. వర్తకులే ఓడల మీద దీన్ని చోటు చోటుకు మోసుకుపోయారని అనేవాళ్లూ ఉంటారు. మోసుకుపోయింది వర్తకులే అయితే అది నా వాదనకే సాయం.

పని సైగను పుట్టిస్తుందనడానికి సంతకు బయట కూడా రుజువులున్నాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో రంపపు మిల్లుల కూలీలు యంత్రాల మోతలో మాట వినపడక చేతులతోనే పూర్తి సంభాషణ నడిపేవారని మైస్నర్, ఫిల్పాట్ 1975లో వివరంగా రాశారు. పని లెక్కలతో మొదలైన సైగలు సంసారపు ముచ్చట్ల దాకా, ఎకసెక్కాల దాకా పోయాయట. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు కడప బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీల్లోకి పోయి చూడండి. ఆ మోతలో ఎవరు ఎవరిని నోటితో పిలవగలరు? మందం ఎంతో బొటనవేలు, చూపుడువేలు మధ్య సందుతో చెప్తారు. ఆపమంటే అరచేయి. మెడ కిందుగా చేయి అడ్డంగా తిప్పితే మిషను కట్టెయ్యమని. కెనడా కూలీకి, ఎర్రగుంట్ల కూలీకి కలిసినది దేశం కాదు, రంపం.

ఇక కువైట్. కడప జిల్లాలో ఇల్లిల్లూ కాకున్నా ఊరూరా కువైట్‌కు పోయినవాళ్లున్నారు. డ్రైవర్లుగా పోయినవాళ్లు, ఖద్దామా పనికి, అంటే ఇంటి పనికి, పోయిన ఆడవాళ్లు. సంస్కృతుల తేడా అన్నది వీళ్లకు చేతుల మీద అనుభవం. ఐదు వేళ్ల కొసలు ఒకటిగా చేర్చి పైకి పెట్టి మెల్లగా ఆడిస్తే అక్కడ ‘ఆగు, నిదానం’ అని. మన దగ్గర వేళ్లు చేర్చి నోటి వైపు చూపితే అన్నం తిన్నావా అని. కొత్తగా పోయిన మనిషి దాన్ని తిండికి సంబంధించిందని అనుకోవడం సహజం. ముక్కు మీద వేలు పెట్టడం ఇంకా పెద్ద తేడా. మన ఆడవాళ్లు ముక్కున వేలేసుకుంటే ఆశ్చర్యం, ఒక్కోసారి ఎదుటివాళ్ల సిగ్గులేనితనానికి తీర్పు. సింధుశాఖ అరబ్బు వేలితో ముక్కు తాకి చూపితే ‘నీ మాట నా ముక్కు మీద’ అని, అంటే తప్పకుండా చేస్తానని మాటిచ్చినట్టు. ఒకే చోట వేలు, రెండు అర్థాలు.

ఇది దేశభేదం కాదా అని అడగవచ్చు. భేదమే. మనం సరే అనడానికి తల పక్కకు ఊపితే ఉత్తరాది నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి కాదన్నామనుకోవడం కూడా అట్లాంటిదే. కానీ ఆ కువైట్ ఇంట్లోనే లోపలికి పోయి చూడాలి. అరబ్బులు దగ్గరగా నిలబడతారు, కళ్లలోకి తేరిపార చూస్తారు, ఊపిరి తగిలేట్టు మాట్లాడతారని హాల్ రాశాడు. ఇది దివానియాలో, అంటే అతిథులు చేరే గదిలో, కూచున్న మగవాళ్ల సంగతి. అదే ఇంట్లో పనిచేసే మన మనిషి యజమాని ముందు గుమ్మం దగ్గర నిలబడుతుంది. చూపు నేలమీద ఉంటుంది. యజమానురాలు కూడా ఆమె కళ్లలోకి తేరిపార చూడదు, చేతితో పని చూపించి పోతుంది. ఆ చేతిని ఆమె ఎందుకు అంత త్వరగా అర్థం చేసుకుంటుందంటే, సింహాద్రిపురంలోనో లింగాలలోనో పెద్ద ఇంట్లో పనిమనిషిని పిలిచే చేయి కూడా అదే కనుక. దివానియా దూరం అరబ్బులది కాదు, సమానులది. గుమ్మం దూరం తెలుగువాళ్లది కాదు, పనిమనిషిది. హాల్ ఈ గుమ్మం దగ్గర ఆగి చూడలేదు.

ఇంకో మాట. డేవిడ్ ఎఫ్రాన్ 1941లోనే న్యూయార్క్‌లోని తూర్పు ఐరోపా యూదుల, దక్షిణ ఇటలీ వలసదారుల సైగల్ని పరిశీలించాడు. కొత్త సమాజంలో కలిసిపోయినవాళ్ల చేతుల్లో ఆ పాత తేడాలు చెరిగిపోయాయని చూపించాడు. సైగ రక్తంలో ఉంటుందన్న నాజీల మాటకు అది జవాబు. హాల్ కంటే పద్దెనిమిదేళ్ల ముందు వచ్చిన పుస్తకం. కువైట్ నుంచి వచ్చి పులివెందులలో ఆటో నడిపేవాడు ట్రాఫిక్‌లో వేళ్లు చేర్చి పైకి పెట్టి ‘ఆగు’ అంటే, అతని చేతిలో కనిపించేది కువైట్ సంస్కృతి అనుకోకూడదు. అది డ్రైవరు చేయి. స్టీరింగు పట్టిన చోట అబ్బింది, స్టీరింగు పట్టినప్పుడే బయటికి వస్తుంది. ఇంటికి పోయి మంచం మీద కూచున్నాక అతను మళ్లీ అరచేయి చూపించే ఆగమంటాడు.

రాయలసీమ చేతుల గురించి బయట నాటుకున్న ఒక భ్రమను కూడా ఇక్కడే తీసేయాలి. 1999 నుంచి వరసగా వచ్చిన ఫ్యాక్షన్ సినిమాలు తొడగొట్టడం, మీసం మెలెయ్యడం ఈ నేల సైగలని దేశమంతా చాటాయి. హైదరాబాదు నుంచి వచ్చే విద్యార్థులు మా ఊళ్లలో వాటి కోసం వెతుకుతారు. ఇక్కడి చేతులు ఎక్కువగా చేసేది చీనీకాయను అరచేతిలో పెట్టి బరువు చూడడం, పండు పట్టి ఎద్దు వయసు చెప్పడం, వేలి గణుపుల మీద కూలిడబ్బుల లెక్క పెట్టడం. పరిశోధకుడు చూడవలసినవి ఇవి.

తువ్వాల కింది బేరంలో మోసం లేదని నేను అనను. రెండు వైపులా చేయి పట్టేది దళారి ఒక్కడే. ఇద్దరి వెలా తెలిసేది అతనికే. రైతు ఎంత పోగొట్టుకున్నాడో రైతుకే తెలియదు. పంటల మార్కెట్లలో గుడ్డ కింద రహస్యంగా వెల తేల్చడం రైతుకు నష్టమని బ్రిటిష్ కాలంలోనే ఫిర్యాదులున్నాయి. 1928లో నివేదిక ఇచ్చిన రాయల్ వ్యవసాయ కమిషన్ క్రమబద్ధమైన మార్కెట్లు కావాలని చెప్పింది. తర్వాత 1966 నాటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయోత్పత్తుల, పశుసంపద మార్కెట్ల చట్టం వచ్చింది. బహిరంగ వేలం రైతుకు మంచిదే. అయితే గుడ్డను దాపరికంగానే చూసిన ఆర్థికవేత్తలు దాని కింద ఒక పూర్తి అంకెల వ్యాకరణం ఉందని గమనించలేదు. ఆ వ్యాకరణాన్ని రాసుకోవడానికి మోసాన్ని సమర్థించనక్కరలేదు.

ఇప్పుడు ట్రాక్టరు వచ్చి కాడి ఎద్దులు తగ్గాయి. ఎద్దుల ఫొటోలు వాట్సాప్‌లో వెళ్తున్నాయి, వెల ఫోన్‌లో తేలుతోంది, బయానా ఫోన్‌పేలో పడుతోంది. తువ్వాల పరిచే చేతులు ఎక్కువగా ముసలి చేతులే. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం, యోగి వేమన విశ్వవిద్యాలయం తెలుగు శాఖ, తెలుగు విశ్వవిద్యాలయపు వరంగల్ జానపద పీఠం, వీటిలో ఏ ఒక్కటి పూనుకున్నా ఈ పని జరుగుతుంది. కావలసినవి రెండు కెమెరాలు. ఒకటి మొహాల మీదికి, ఒకటి గుడ్డ తీసి చూపించే వేళ్ల మీదికి. దళారుల అనుమతి తీసుకొని, వాళ్ల పేర్లు బయటపెట్టకుండా, పులివెందుల, జమ్మలమడుగు వైపు వేళ్ల లెక్కను మొదట నమోదు చేయాలి. తర్వాత అనంతపురం, కర్నూలు, బళ్లారి సంతల వేళ్ల లెక్కతో పోల్చాలి. ఈ ప్రాంతం నుంచి పిహెచ్.డి.కి అంశం వెతుక్కుంటున్న విద్యార్థులు మరో నాట్యశాస్త్ర వ్యాసం రాయకముందు ఒక్క వారం సంతకు పోయి రండి.